టర్కీ వేట, జింకల వేట, లైమ్ వ్యాధి: అడవి నుంచి పిడుదును ఒంటిమీద తెచ్చుకోకుండా ఏం చేయాలి

అమెరికాలోని పెన్సిల్వేనియాలో టర్కీ కోళ్లను వేటాడే స్ప్రింగ్ సీజన్ మే నెలంతా నడుస్తుంది. తెల్లవారకముందే అడవిలోకి పోయి, ఒక లావాటి ఓక్ చెట్టు చూసుకుని, మానుకు వీపు ఆనించి, ఎండుటాకుల మీద కాళ్లు చాపుకుని కదలకుండా కూర్చోవాలి. పుంజు కూత దగ్గరికి వచ్చేదాకా గంటో రెండు గంటలో అలాగే. లైమ్ అనే సూక్ష్మజీవి జబ్బును మోసే పిడుదు (రక్తం తాగే చిన్న పురుగు, ఇంగ్లీషులో టిక్) పిల్లలు ఒంటిమీదికి ఎక్కడానికి కాచుకుని ఉండే కాలం అదే, చోటూ అదే.

ఒక ఏడాది మే చివర్లో నా మోకాలి వెనక కమిలినట్టున్న మచ్చను నా భార్య చూసింది. చెట్టు వేరు ఒత్తుకుని ఉంటుందనుకున్నాను. వారం తిరిగేసరికి అది అరచేయంత అయింది. నొప్పి లేదు, దురద లేదు. మెడ పట్టేసినట్టు, ఒళ్లంతా జ్వరం వచ్చేముందు ఉండే నీరసం. పిడుదును నేను చూడనేలేదు. డాక్టర్ మచ్చను చూడగానే మందు మొదలుపెట్టారు, కోలుకున్నాను. కానీ ఆ వారం రోజులు నేను ఊరికే పోగొట్టుకున్నవి. ఆ తర్వాత నేర్చుకున్నదీ, ప్రతి సీజన్‌లో నేను పాటిస్తున్నదీ ఇక్కడ వరసగా రాస్తున్నాను. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, న్యూయార్క్, కనెటికట్, మసాచుసెట్స్, ఇటు విస్కాన్సిన్, మిన్నెసోటాల్లో ఉంటూ వేటకు వెళ్లే మనవాళ్లకు ఇది నేరుగా పనికొస్తుంది. వేట అలవాటు లేకపోయినా హైకింగ్‌కు వెళ్లేవాళ్లకు, పెరట్లో తోటపని చేసే అమ్మానాన్నలకు కూడా సగానికి పైగా వర్తిస్తుంది. (మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. నేను చెబుతున్నదంతా ఇక్కడ లైసెన్సు తీసుకుని, సీజన్‌లో చేసే వేట గురించే.)

ఒక్క సంగతి ముందే మనసులో పెట్టుకోండి. మలేరియా దోమ కుట్టిన క్షణంలోనే చేయాల్సిన చెడు చేసేస్తుంది. ఈ పిడుదు అలా కాదు. లైమ్ సూక్ష్మజీవి దాని పేగులో ఉంటుంది. రక్తం తాగడం మొదలుపెట్టాక అది కదిలి, లాలాజల గ్రంథుల దాకా వచ్చి, అక్కడి నుంచి మన ఒంట్లోకి దిగాలి. దానికి సాధారణంగా 24 గంటలకు పైనే పడుతుంది. అంటే పిడుదు కరిచినా సరే, ఆ పూటే కనిపెట్టి పీకేస్తే చాలావరకు గండం గడిచినట్టే. అందుకే ఈ వ్యాసంలో అడవికన్నా ఇంటికొచ్చాక చేసే పనికి ఎక్కువ చోటిచ్చాను.

1. ముందు దాన్ని గుర్తుపట్టండి

కోస్తాలో పిడుదులంటారు, తెలంగాణలో చాలాచోట్ల గోమార్లంటారు. పశువులున్న ఇంట్లో పెరిగినవాళ్లకు కొత్త కాదు. గేదె చెవుల్లోనో పొదుగు దగ్గరో బాగా ఉబ్బి కనిపించే వాటిని చూసి చూసి, పిడుదంటే చేతికి తగిలేంత పెద్దదనే లెక్క మనలో ఉండిపోయింది. ఆ లెక్క ఇక్కడ మోసం చేస్తుంది.

లైమ్‌ను అంటించేది బ్లాక్‌లెగ్డ్ టిక్. జనం డీర్ టిక్ అంటారు. గుడ్డులోంచి ఆరు కాళ్ల లార్వా వస్తుంది, అది ఒకసారి రక్తం తాగి ఎనిమిది కాళ్ల నింఫ్ అవుతుంది, నింఫ్ మరోసారి తాగి పెద్ద పిడుదు అవుతుంది. ఈ బతుకంతా సుమారు రెండేళ్లు. నింఫ్ గసగసాల గింజంత. పెద్దది నువ్వు గింజంత. ఆడదానికి తల వెనక నల్లటి డాలు లాంటి పెంకు, దాని వెనక ఇటుక ఎరుపు ఒళ్లు. మనుషులకు లైమ్ ఎక్కువగా అంటించేది ఆ గసగసమంత నింఫే. అంత చిన్నది కాబట్టి కనపడదు. కనపడదు కాబట్టి మూడు నాలుగు రోజులు తీరిగ్గా తాగుతుంది.

పేరులో జింక ఉంది కదా అని జింకే రోగానికి మూలం అనుకుంటారు. జింక రక్తం పెద్ద పిడుదులకు తిండి, అంతే. సూక్ష్మజీవిని దాచి ఉంచి, దాన్ని కరిచిన లార్వాలకు అంటించేది ముఖ్యంగా తెల్లపాదాల ఎలుక. ఓక్ చెట్లు విరగకాసిన ఏడాది నేలంతా ఏకార్న్ గింజలు పరుచుకుంటాయి. వాటిని తిని మరుసటేడు ఎలుకలు పెరుగుతాయి, ఆ పై ఏడు రోగం మోసే నింఫ్‌లు పెరుగుతాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని కేరీ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్త రిచర్డ్ ఓస్ట్‌ఫెల్డ్ బృందం ఏళ్ల తరబడి గమనించి చెప్పిన లెక్క ఇది. నేను వెళ్లే అడవిలో ఏకార్న్‌లు ఏ ఏడాది బాగా రాలాయో రాసిపెట్టుకుంటాను. రెండేళ్ల తర్వాతి మే నెలలో మరింత జాగ్రత్త పడతాను.

కాలం సంగతి: నింఫ్‌ల జోరు మే నుంచి జులై దాకా. పెద్దవి అక్టోబర్, నవంబర్లలో, మళ్లీ వసంతం మొదట్లో తిరుగుతాయి. చలి రాగానే చచ్చిపోతాయనుకోకండి. చలికాలంలో కూడా సుమారు 40 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన రోజున లేచి తిరుగుతాయి. అంటే పెన్సిల్వేనియాలో జింకల కోసం అక్టోబర్‌లో మొదలయ్యే ఆర్చరీ (విల్లు వేట) సీజన్‌లోనూ, నవంబర్ చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ తర్వాతి శనివారం మొదలయ్యే రైఫిల్ సీజన్‌లోనూ అవి ఉంటాయి.

ఈ జబ్బుకు ఆ పేరు కనెటికట్‌లోని లైమ్ అనే ఊరి నుంచి వచ్చింది. 1970లలో అక్కడ పిల్లలకు వరసగా మోకీళ్లు వాస్తుంటే, ఇది మామూలు కీళ్లవాతం కాదని పట్టుబట్టి అధికారుల చెవిన వేసింది పాలీ మర్రే అనే ఒక తల్లి. 1975లో యేల్ డాక్టర్ ఆలన్ స్టీర్ పరిశోధన మొదలుపెట్టారు. పిడుదు పేగులో దాక్కున్న సూక్ష్మజీవిని 1980ల మొదట్లో విల్లీ బర్గ్‌డార్ఫర్ పట్టుకున్నారు. దానికి ఆయన పేరే పెట్టారు. మొదట కదిలింది ఒక అమ్మ పట్టుదల వల్లనే అన్న సంగతి నాకెప్పుడూ గుర్తుంటుంది.

2. సీజన్‌కు వారం ముందు: బట్టలకు మందు

నేను ఒక్క పని మాత్రమే చెయ్యగలిగితే ఇదే చేస్తాను. బట్టలకు 0.5 శాతం పెర్మెత్రిన్ స్ప్రే పట్టించడం. ఒక జాతి చామంతి పూలలో పురుగుల్ని చంపే గుణం ఉంది. ఆ పదార్థాన్ని చూసి ఫ్యాక్టరీలో తయారుచేసిన మందే పెర్మెత్రిన్. పిడుదు మందు పట్టించిన ప్యాంటు మీద పాకితే కాళ్లు పట్టు తప్పి రాలిపోతుంది, తర్వాత చస్తుంది. అమెరికా సైనికుల యూనిఫాంలకు కూడా ఇదే పట్టిస్తారు.

పద్ధతి: గాలి పెద్దగా లేని రోజు ఆరుబయట తీగ మీద బట్టలు వేలాడదీయండి. చేతులకు గ్లవ్స్ వేసుకోండి. 6 నుంచి 8 అంగుళాల దూరం నుంచి ఒక్కో వైపు సుమారు 30 సెకన్లు, బట్ట తడిసి రంగు ముదిరేదాకా కొట్టండి. ప్యాంటు, చొక్కా, సాక్సులు, బూట్లు, టోపీ అన్నిటికీ. టర్కీ వేటగాళ్లయితే నేల మీద వేసుకునే కుషన్‌కూ, జాకెట్ వెనక భాగానికీ తప్పకుండా పట్టించండి, ఎక్కువసేపు ఆకులకు ఆనేది అవే. పూర్తిగా ఆరాకే తొడుక్కోవాలి. ఇంట్లో ఇలా కొట్టింది సుమారు ఆరు వారాలు లేదా ఆరు ఉతుకుల దాకా పనిచేస్తుంది. ఫ్యాక్టరీలోనే మందు పట్టించి అమ్మే బట్టలు 70 ఉతుకుల దాకా ఆగుతాయని తయారీదారులు చెబుతారు. ఎండ తగిలితే మందు బలం తగ్గుతుంది, అందుకే వాడని రోజుల్లో నల్లసంచిలో మూతి కట్టి ఉంచండి.

జింకల వేటగాళ్లు వాసన గురించి భయపడతారు. ఆరిపోయాక పెర్మెత్రిన్‌కు వాసన ఉండదు. వారం ముందే పని ముగించమనేది అందుకే.

మూడు హెచ్చరికలు. ఇది బట్టలకే, చర్మానికి కాదు. మన మందుల షాపుల్లో గజ్జికి ఇచ్చే పెర్మెత్రిన్ క్రీమ్ వేరే తయారీ, పేరు ఒకటే కదా అని దీన్ని ఒంటికి కొట్టుకోకండి. రెండోది, తడిగా ఉన్న పెర్మెత్రిన్ పిల్లులకు ప్రాణాంతకం. ఇంట్లో పిల్లి ఉంటే బట్టలు ఆరేదాకా దాన్ని అటు పోనివ్వకండి. మూడోది, చేపలకూ తేనెటీగలకూ కూడా ఇది విషమే, కాబట్టి వాగు పక్కనా, పూలమొక్కల పక్కనా కొట్టకండి.

3. బయలుదేరే ఉదయం

పిడుదు ఎగరదు, గెంతదు, చెట్టు పైనుంచి మీద పడదు. గడ్డిపరక మీదో ఆకు అంచునో నిలబడి ముందుకాళ్లు చాపి ఉంటుంది. మన ఊపిరి, ఒంటి వేడి దానికి ఆ కాళ్లతోనే తెలుస్తాయి. మన బట్ట రాసుకున్నప్పుడు పట్టుకుని పైకి పాకుతుంది. మెడ మీద దొరికిన పిడుదు కూడా చాలాసార్లు కాలి దగ్గర ఎక్కిందే.

కాబట్టి దారి కింది నుంచే మూసుకుంటూ రావాలి. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి, చొక్కా ప్యాంటులోకి. వీలైతే మోకాలి కిందిదాకా వచ్చే రబ్బరు బూట్లు, వాటి నున్నటి గోడ ఎక్కడం పిడుదుకు కష్టం. లేత రంగు బట్టలు వేసుకోండి, పిడుదు కనపడుతుంది అని అందరూ రాస్తారు. వేటగాడికి అది కుదరదు, క్యామో (అడవి రంగుల్లో కలిసిపోయే బట్టలు) వేసుకోవాలి. నేను చేసేది, లోపలి పొర తెల్లగా ఉంచడం. తెల్ల సాక్సులు, లేత బూడిదరంగు థర్మల్స్. పైబట్ట విప్పగానే లోపల పాకుతున్నది నల్లచుక్కలా కనిపిస్తుంది.

చర్మానికి పురుగుల్ని దగ్గరికి రానివ్వని మందు, 20 శాతం పికారిడిన్ గానీ, 20 నుంచి 30 శాతం డీట్ గానీ వాడండి. చీలమండలు, మణికట్లు, మెడ, చెవుల వెనక. డీట్ ప్లాస్టిక్‌నూ వార్నిష్‌నూ కొన్ని సింథటిక్ బట్టలనూ కరిగిస్తుంది, తుపాకీ మడమ మీద, బైనాక్యులర్స్ మీద మరకలు పడతాయి. పికారిడిన్‌కు ఆ బెడద లేదు, వాసన కూడా తక్కువ. నేను దానికే మారాను. వెంట వచ్చే పిల్లలకైతే డబ్బా మీద రాసిన వయసు పరిమితి చదివి వాడండి. ఇలాంటిదే ఇంకో మందు, నిమ్మ యూకలిప్టస్ నూనె, మూడేళ్లలోపు పిల్లలకు పనికిరాదు.

4. అడవిలో కూర్చునే చోటు

పిడుదుకు ఎండ పడదు, తేమ కావాలి. ఎత్తయిన గడ్డి అంచులు, పొలం అడవిని కలిసే చోటు, మోకాలి లోతు ఆకులు, ఎలుకలు కాపురముండే పాత రాతిగోడలు, ముళ్ల బార్‌బెర్రీ పొదలు దానికి ఇష్టం. జింకల బాటలూ అంతే. బాట మీద నడిస్తే సుఖమే, కానీ ఆ బాట పక్కల గడ్డిపరకల మీద కాచుకున్నవి జింక కోసమే కాచుకున్నాయి. ట్రయిల్ ఉంటే దాని నడిమధ్యన నడవండి.

పడిపోయిన చెట్టు మాను కనపడితే కూర్చోబుద్ధవుతుంది. కాలిఫోర్నియా అడవుల్లో పరిశోధకులు స్వయంగా కూర్చుని, నడిచి, కట్టెలు ఏరి చూస్తే, నింఫ్‌లు ఎక్కువగా ఎక్కింది మానుల మీద కూర్చున్నప్పుడే. అక్కడి పిడుదు జాతి వేరు, అయినా నేను ఆ మాట మర్చిపోను. టర్కీ వేటలో చెట్టుకు ఆనుకోక తప్పదు. కూర్చునే ముందు కాలితో ఆకులన్నీ నాలుగడుగుల మేర పక్కకు తోసి, మట్టి నేల కనపడేలా చేసి, మందు పట్టించిన కుషన్ వేసుకుని కూర్చోండి. ఎలాగూ కాలి కింద ఆకు చప్పుడు చెయ్యకుండా చాలామంది ఈ పని చేస్తారు. చిన్న మడత కుర్చీ అయితే ఇంకా మంచిది. జింకల వేటలో ట్రీ స్టాండ్ (చెట్టుకు కట్టే మంచె) ఎక్కినవాళ్లకు పైన పెద్దగా భయం లేదు, ఎక్కి దిగే దారిలోనే.

గంటకోసారి మోకాళ్ల కింద ఓ చూపు చూసుకోండి.

5. జింక పడ్డాక

వేటగాడికీ హైకర్‌కూ తేడా ఇక్కడ. బతికున్న జింక మీద పిడుదులు గుంపుగా ఉంటాయి, ముఖ్యంగా చెవులు, తల, మెడ దగ్గర. ఒళ్లు చల్లబడగానే అవి ఒక్కొక్కటే వదిలేసి వేరే వేడి ఒంటి కోసం బయలుదేరతాయి. ఆ సమయానికి దాని మీద వంగి కడుపు చీరుతున్నది మనమే.

మోచేతుల దాకా వచ్చే ఫీల్డ్ డ్రెస్సింగ్ గ్లవ్స్ వేసుకోండి. లేత రంగు కాబట్టి పాకేది కనపడుతుంది. మోకాళ్ల కింద ప్లాస్టిక్ పట్టా వేసుకోండి. భుజాన వేసుకుని మోయకండి, తాడుకట్టి ఈడ్చండి. ట్రక్కులో మనుషులు కూర్చునే చోట కాకుండా వెనక బెడ్‌లోనే పెట్టండి. ఇంటికి తెచ్చి గ్యారేజీలో వేలాడదీసేవాళ్లున్నారు, పక్కనే పిల్లల సైకిళ్లు, చెప్పుల స్టాండు. రాలిన పిడుదులు ఎక్కడికి పోతాయో ఆలోచించండి. బయట షెడ్ ఉంటే అక్కడ, లేకపోతే నేరుగా మాంసం కోసిచ్చే ప్రాసెసర్ దగ్గరికి. తోలు ఉంచుకోదలిస్తే గట్టి ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి ఉంచండి.

మాంసం వండుకు తింటే లైమ్ రాదు. ఆ భయం అక్కర్లేదు, బాగా ఉడికించి తినండి.

6. ఇంటికొచ్చిన రెండు గంటలు

తెల్లవారుజామున మూడింటికి లేచి, రోజంతా చలిలో కూర్చుని ఇంటికొచ్చాక సోఫాలో వాలిపోవాలనిపిస్తుంది. దయచేసి వాలిపోకండి.

ఇంట్లోకి అడుగుపెట్టకముందే పైబట్టలు విప్పండి. నేరుగా డ్రయర్‌లో వేయండి, ఉతకడం తర్వాత. ఇది చాలామంది తిరగేసి చేస్తారు. పిడుదు చల్లటి, గోరువెచ్చటి నీళ్లలో ఉతికినా చావదు. ఎండిన వేడికి చస్తుంది. పొడిబట్టలైతే హై హీట్ మీద 10 నిమిషాలు చాలు, తడిసినవైతే ఇంకాసేపు. వీపుసంచి, కుషన్, కోటు బయటే వేలాడదీసి దులిపి చూడండి.

రెండు గంటల్లోపు స్నానం చేయండి. ఒంటి మీద తిరుగుతూ ఇంకా కరవనివి నీళ్లతో పోతాయి. ఆ వంకన ఒళ్లంతా తడిమి చూసుకోవడమూ అవుతుంది.

తర్వాత మంచి వెలుతురులో చూసుకోవడం. చంకలు, చెవుల లోపలా వెనకా, బొడ్డు లోపల, మోకాళ్ల వెనక, గజ్జలు, నడుము పట్టీ చుట్టూ, జుట్టు లోపల. కళ్లకన్నా వేళ్లను నమ్మండి: నింఫ్ గీరుకున్న చిన్న పక్కులా, పులిపిరిలా వేలికి తగులుతుంది. వీపు, తల వెనక మనకు కనపడవు. ఇంట్లోవాళ్ల సాయం అడగడానికి మొహమాటపడకండి, ఒంటరిగా ఉండేవాళ్లు రెండు అద్దాలు వాడండి. ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసి చూసినా చాలు. మర్నాడు ఉదయం మళ్లీ ఒకసారి. రాత్రి గసగసమంత ఉన్నది పొద్దుటికి కొంచెం ఉబ్బి దొరుకుతుంది, అప్పటికీ 24 గంటలు దాటలేదు.

వేటకుక్క ఉంటే దానికీ ఇదే సోదా. చెవులు, మెడపట్టీ కింద, కాలివేళ్ల మధ్య. కుక్కలకు లైమ్ టీకా ఉంది, నెలనెలా ఇచ్చే మాత్రలున్నాయి, వెటర్నరీ డాక్టర్‌ను అడగండి. కుక్క నుంచి మనకు రోగం నేరుగా రాదు, కానీ అది మోసుకొచ్చిన పిడుదు మన దుప్పట్లో దిగుతుంది.

7. కరిచి పట్టుకుని కనిపిస్తే

మా నాయనమ్మ గేదె చెవిలోని పిడుదులకు కిరసనాయిలు పూసేది. కొందరు బీడీ నిప్పు తగిలించేవాళ్లు. ఇక్కడివాళ్లు వాజలీన్, నెయిల్ పాలిష్ అంటారు. మనిషి ఒంటి మీద ఇవేవీ చేయకండి. అది ఊడిపోయేదాకా ఎదురుచూడటం అంటే దానికి ఇంకా టైమివ్వడమే. పైగా చికాకు పుట్టి అది తన నోటి ద్రవాలను గాయంలోకి వదిలే ప్రమాదం ఉంది.

సన్నమొన ఉన్న ట్వీజర్స్ కావాలి, కనుబొమలకు వాడే వెడల్పు మొనది కాదు. అది నా వేట సంచిలో కత్తి పక్కనే ఉంటుంది. చర్మానికి వీలైనంత ఆనించి, పిడుదు తల దగ్గర పట్టుకోవాలి, పొట్ట దగ్గర నొక్కకూడదు. నిదానంగా, ఒకే బలంతో నిటారుగా పైకి లాగాలి. తిప్పకండి, కుదపకండి. చర్మం కొంచెం లేచి, ఊడి వస్తుంది. నోటిముక్క లోపల మిగిలిపోతే సులువుగా వస్తే తీయండి, లేకపోతే వదిలేయండి, చర్మమే బయటికి నెట్టేస్తుంది. సబ్బునీళ్లతో గానీ రబ్బింగ్ ఆల్కహాల్‌తో గానీ కడగండి. వేళ్ల మధ్య నలపకండి.

పారెయ్యకండి కూడా. నాణెం పక్కన పెట్టి ఫోటో తీయండి, జిప్ సంచిలో వేసి తేదీ, ఒంట్లో దొరికిన చోటు, వేటాడిన కౌంటీ (జిల్లా) రాయండి. పలచగా బల్లపరుపుగా ఉంటే ఇప్పుడే పట్టుకుంది. బూడిదరంగులో గుండ్రంగా ఉబ్బి ఉంటే రోజు దాటింది. డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న ఇదే.

8. ఆ తర్వాతి 72 గంటలు

ఉబ్బిన డీర్ టిక్ దొరికిందా, లేక 36 గంటలకు పైగా పట్టుకుని ఉందని లెక్క తేలిందా, అది లైమ్ ఉన్న ప్రాంతమేనా? అయితే తీసిన 72 గంటల్లోపు డాక్టర్‌కు ఫోన్ చేయండి. పెద్దవాళ్లకు 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ ఒకే ఒక్క డోసు ముందుజాగ్రత్తగా ఇస్తారు. శనివారం దొరికితే సోమవారం చూద్దాం, అపాయింట్‌మెంట్ గురువారానికి దొరికింది అంటూ ఆ గడువు దాటబెట్టకండి. అర్జెంట్ కేర్‌కో టెలీవిజిట్‌కో వెళ్లండి. గర్భిణులు, పిల్లల విషయం డాక్టర్ నిర్ణయించాలి. ఇంట్లో మిగిలిన పాత యాంటీబయాటిక్ మింగడం మాత్రం వద్దు.

పలచగా ఉన్నది అదే రోజు తీసేస్తే సాధారణంగా మందు అక్కర్లేదు. తేదీ రాసుకుని గమనిస్తే చాలు.

9. నెలరోజుల కాపలా

మచ్చ కరిచిన 3 నుంచి 30 రోజుల్లో వస్తుంది, ఎక్కువగా వారం దగ్గర. కరిచిన రోజే రూపాయి బిళ్లకన్నా చిన్నగా ఎర్రబడి, దురదపెట్టి, ఒకటి రెండు రోజుల్లో మాసిపోయేది మామూలు కాటు మచ్చ. లైమ్ మచ్చ రోజురోజుకూ పెరుగుతుంది, రెండంగుళాలు దాటి అడుగు వెడల్పు కూడా కావచ్చు. సాధారణంగా దురదా ఉండదు, నొప్పీ ఉండదు. నూటికి 70 నుంచి 80 మందికి వస్తుంది, మిగతావాళ్లకు మచ్చే ఉండదు.

ఇక్కడ మన చర్మం మాట చెప్పాలి. బొమ్మల్లో చూపించే మచ్చలు తెల్ల చర్మం మీద ఎర్రటి వలయాలు, గురిపెట్టే చక్రంలా. చామనఛాయ, నలుపు ఒంటి మీద అది చాలాసార్లు అలా కనపడదు. ఊదారంగులో కమిలినట్టు, ముదురు గోధుమ మరకలా ఉంటుంది, చక్రం గీతలు కనపడకపోవచ్చు. నేను వారం పోగొట్టుకుంది ఇందుకే. పగటి వెలుతురులో చూడండి, చేత్తో తాకి చూడండి, చుట్టుపక్కలకన్నా వెచ్చగా ఉండొచ్చు. బాల్‌పెన్నుతో అంచు గీసి తేదీ రాయండి, మర్నాడు గీత దాటిందేమో చూడండి. డాక్టర్ ఊరికే దెబ్బ అంటే, గీత చూపించి, వేటకు వెళ్లిన తేదీ చెప్పండి. మొదటి వారాల్లో రక్తపరీక్ష నెగటివ్ రావడం మామూలే, యాంటీబాడీలు పుట్టడానికి టైం పడుతుంది. పెరిగే మచ్చ ఉంటే పరీక్ష కోసం ఆగకుండా మందు మొదలుపెట్టడమే పద్ధతి. సాధారణంగా డాక్సీసైక్లిన్ 10 నుంచి 14 రోజులు. గ్లాసు నిండా నీళ్లతో మింగాలి, పాలతో కాదు. ఎండకు చర్మం కమలకుండా చూసుకోవాలి.

వదిలేస్తే వారాల్లో, నెలల్లో ముఖం ఒకవైపు వంకరపోవడం, గుండె లయ తప్పడం, మోకాలు నీరుపట్టి వాయడం జరగొచ్చు. కళ్లు తిరగడం, గుండెదడ, ఊపిరాడకపోవడం ఉంటే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

అదే పిడుదు ఇంకొన్ని జబ్బులూ మోస్తుంది. అనాప్లాస్మోసిస్‌లో మచ్చ లేకుండా చలిజ్వరం, తలనొప్పి వస్తాయి, తెల్లకణాలూ ప్లేట్‌లెట్లూ పడిపోతాయి. బబీసియోసిస్‌లో పరాన్నజీవి ఎర్రరక్తకణాల్లో కూర్చుంటుంది, డాక్సీసైక్లిన్ దానికి పనిచేయదు. వీపు మీద తెల్లచుక్క ఉన్న లోన్ స్టార్ టిక్ కరిస్తే కొందరికి జింక మాంసం, మటన్, బీఫ్ పడకుండా పోతాయి. తిన్న రెండు నుంచి ఆరు గంటల తర్వాత దద్దుర్లు లేస్తాయి. రాత్రి మటన్ బిర్యానీ తిని అర్ధరాత్రి దద్దుర్లతో లేస్తే ఈ సంగతి డాక్టర్‌కు చెప్పండి.

ఇక మనవాళ్లకే ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఒకటుంది. రైఫిల్ సీజన్ నవంబర్ చివర్లో మొదలవుతుంది, డిసెంబర్ మధ్యలో ఇండియా ఫ్లైటు. జ్వరం హైదరాబాద్‌లోనో విజయవాడలోనో వస్తుంది. అక్కడి డాక్టర్ ముందుగా డెంగీ, మలేరియా, టైఫాయిడ్ చూస్తారు, చూడాలి కూడా. కానీ అనాప్లాస్మోసిస్‌లో ప్లేట్‌లెట్లు పడితే అది డెంగీలా కనపడుతుంది, బబీసియా మైక్రోస్కోపు కింద మలేరియాలాగే కనపడుతుంది. పిడుదు సంగతి మనం చెబితే తప్ప వాళ్లకు తెలిసే దారి లేదు. అందుకే టికెట్లు కొన్న ఏడాది మా ఆవిడ ఒక చీటీ రాసి పాస్‌పోర్టు సంచిలో పెడుతుంది: వేటకు వెళ్లిన తేదీలు, కౌంటీ పేరు, పిడుదు దొరికిందా లేదా, దొరికితే ఏ తేదీన ఎక్కడ, డోసు వేసుకున్నానా, ఆ కింద లైమ్, అనాప్లాస్మోసిస్, బబీసియోసిస్ అని మూడు పేర్లు. పిడుదు ఫోటో నా ఫోన్‌లో ఉంటుంది, ఆవిడ ఫోన్‌లో కూడా.